‘అట్లాంటిదేం లేదు సార్’ అనేశాను

అనంతపురం పాతూరులో చిన్న మొబైల్ షాపు నడుపుతున్న 38 ఏళ్ల పాఠకుడి ఉత్తరం ఇది. రూళ్ల కాగితం మీద ఎనిమిది పేజీలు. తన పేరూ రాయలేదు, కంపెనీ పేరూ రాయలేదు. నేనూ అడగను. సారం నా మాటల్లో చెప్తాను, కొన్ని వాక్యాలు మాత్రం ఆయనవే.

పదకొండేళ్లుగా రీఛార్జీలు, కొత్త సిమ్‌లు, స్క్రీన్‌గార్డులు, చిన్నాచితకా రిపేర్లతో బతుకుతున్నారు. రాబడిలో సగానికి పైగా ఒకే టెలికం కంపెనీ ఇచ్చే కమీషన్. ఒక రాత్రి పదిన్నరకు డిస్ట్రిబ్యూటర్ నడిపే రిటైలర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. కస్టమర్ల వివరాలు కొన్ని బయటికి పోయినట్టు తెలిసిందని, పైవాళ్లు చూసుకుంటున్నారని, ఎవరైనా అడిగితే పుకారని చెప్పమని, బయట నోరు జారినవాళ్ల కోడ్ (రీఛార్జీలు, సిమ్‌లు అమ్మడానికి షాపుకిచ్చే నంబరు) ఆపేస్తామని. అరగంటలో ఆ మెసేజ్‌ను తీసేశారు. ఈలోపే ఈయన స్క్రీన్‌షాట్ తీసుకున్నారు. ‘ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ తెలీదు మేడమ్, చెయ్యి దానంతటదే పోయింది’ అని రాశారు.

కంపెనీ ఆ సంగతి ఒప్పుకుని పేపర్లలో వచ్చేసరికి 22 రోజులయ్యాయి. మధ్యలో, పదహారో రోజు సాయంత్రం ఆరున్నరకు, ఏడో తరగతిలో ఈయనకు లెక్కలు చెప్పిన అయ్యవారు షాపుకొచ్చారు. 71 ఏళ్ల మనిషి. ఈయన నాయనకు స్నేహితుడు, నాయన పోయినప్పుడు పాడె పట్టినవాడు. ఫోన్ వేడెక్కుతోంది, నిదానంగా నడుస్తోంది, చూడప్పా అన్నారు. ఈయన ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ అయ్యవారు మెట్టు మీద ఆగి, ‘ఏమప్పా, మన వివరాలన్నీ కంపెనీ నుంచి యాడికో పోయినాయంట, నిజమేనా?’ అని అడిగారు. ‘అట్లాంటిదేం లేదు సార్, అంతా పుకారు’ అనేశారు ఈయన.

అయ్యవారికి ఆ కబురు చెప్పింది దొంగే. ఆ మధ్యాహ్నం కంపెనీ ఆఫీసు నుంచంటూ ఫోన్ చేసి, మీ వివరాలు బయటికి పోయాయి, మీ నంబరు ఇంకెవరూ వాడకుండా రక్షణ పెడుతున్నాం, ఈ యాప్ వేసుకోండి అని వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు పంపాడు. నమ్మకం కుదరడానికి ఆయన వాడే ప్లాను, రెండో నంబరుగా ఇచ్చిన కూతురి నంబరు, 2009లో కదిరిలో ఉద్యోగం చేసినప్పటి ఇంటి అడ్రసు గడగడా చదివాడు. మర్నాడు పొద్దున చూసుకుంటే ఖాతాలోంచి ఐదు దఫాల్లో 1,86,000 రూపాయలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి పదకొండు దాటింది. 42,000 మాత్రం ఎక్కడో ఒక ఖాతాలో ఆపగలిగారు. బ్యాంకు ‘యాప్ మీరే వేసుకున్నారు కదా’ అంటోంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే అయ్యవారి కొడుకు దిగి, షాపు ముందు నిలబడి, ‘మా నాయన ఆధార్ నీ దగ్గర్నుంచే పోయింది’ అని నలుగురిలో అరిచాడు. అప్పట్నుంచి బేరాలు పడిపోయాయి. భార్య ‘మనమేం తప్పు చేయలేదు, నోరు మూసుకో, కోడ్ పోతే పిల్లల ఫీజులు ఎవరు కడతారు’ అంటోంది. బావమరిది షాపు ఎత్తేసి బెంగళూరు వచ్చేయమంటున్నాడు. ఎవరికీ తెలీకుండా ఒక 50,000 అయ్యవారి ఖాతాలో వేసేద్దామా అని ఈయనకు ఇంకో ఆలోచన. అటక మీద గోనెసంచిలో పాత ఆధార్ జిరాక్సులున్నాయి, కాల్చేయమంటారా అని చివర్లో ఒక వాక్యం. ‘నేను దొంగను కాను. అయినా అయ్యవారి వీధిలోంచి పోలేకపోతున్నాను. ఆయనకు నిజం చెప్పాలా?’

ఇదీ ఉత్తరం.

చివరి మాటతో మొదలుపెడతాను, అది ఆగే పని కాదు. ఆ జిరాక్సుల్ని కాల్చకండి. మామూలు రోజుల్లో అయితే నేనే కాల్చమనేదాన్ని. కాగితాల మీద సిమ్ దరఖాస్తులు తీసుకునే పద్ధతి 2024 జనవరి 1 నుంచి ఆగిపోయింది. అంతకుముందువి ఇంకా మీ అటక మీద ఉండటం మంచిది కాదు, ఎలకలు కొట్టకపోతే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు. కానీ ఇవాళ మీ మీద ఒక మాట పడి ఉంది. ‘నీ దగ్గర్నుంచే పోయింది’ అని ఒకడు నడివీధిలో అన్న వారానికి మీ పెరట్లో ఆధార్ జిరాక్సుల బూడిద కనపడితే, ఆ మాటకు మీరే సంతకం పెట్టినట్టవుతుంది. సంచి మూతి కుట్టేయండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాదివి, సుమారు ఎన్ని ఉన్నాయి అని ఒక కాగితం మీద రాసుకోండి. వీటిని తీసుకుని రసీదు ఇవ్వమని డిస్ట్రిబ్యూటర్‌కు మెసేజ్ పెట్టండి. తీసుకుంటే సరే. తీసుకోకపోతే మీరు అడిగినట్టు ఆధారమైనా ఉంటుంది. పోలీసులు అడిగితే ఉన్నది ఉన్నట్టు చూపించండి. గొడవ తేలాక చింపి, నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి పారేయొచ్చు.

ఇక ఆ కొడుకు అన్న మాట. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన ముక్క ఒకటుంది, దాని విలువ మీరు గమనించినట్టు లేదు. కదిరి అడ్రసు. 2009లో అయ్యవారు కదిరిలో సిమ్ తీసుకున్నప్పుడు మీ షాపే లేదు, మీరు అప్పటికి డిగ్రీ చదువుతూ ఉండుంటారు. మీ దగ్గర ఆయన చేయించుకున్నది పాత సిమ్ ఇచ్చి 4జీ సిమ్ తీసుకోవడం ఒక్కటే, అప్పటికి ఆధార్‌లో అనంతపురం అడ్రసే ఉందని మీరే రాశారు. మరి దొంగ చేతికి కదిరి అడ్రసు, ప్లాను, కూతురి నంబరు మూడూ ఒకే వరుసలో ఎలా వచ్చాయి? ఆ మూడూ కలిసి ఉండే చోటు మీ గోనెసంచి కాదు, కంపెనీ రికార్డు. ఈ ఒక్క సంగతి మిమ్మల్ని చాలావరకు బయటపడేస్తుంది.

దాన్ని వీధిలో అరిచి చెప్పక్కర్లేదు. అయ్యవారు ఇచ్చిన ఫిర్యాదులో ఆ వాక్యం ఉందో లేదో కనుక్కోండి. సాధారణంగా ఇలాంటి ఫిర్యాదులు ‘గుర్తు తెలియని వ్యక్తి ఫోన్ చేశాడు, యాప్ వేయించాడు, డబ్బు పోయింది’ అని మూడు ముక్కల్లో ముగిసిపోతాయి. ఫోన్ చేసినవాడు ఏమేం చదివాడు అన్నది ఎవరూ రాయరు. నిజానికి రాయాల్సింది అదే. అదనపు వాంగ్మూలంగా ఇప్పుడైనా చేర్చొచ్చు. అది అయ్యవారికీ మేలు, మీకూ మేలు.

కంపెనీ అన్ని రోజులు ఎందుకు మూగబోయిందని మూడు చోట్ల అడిగారు. చట్టం ఎక్కడుందో చెప్తాను. ఇలాంటి చొరబాటు తెలిసిన ఆరు గంటల్లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వులు వచ్చాయి. 2024 నవంబరులో వచ్చిన టెలికం సైబర్ భద్రత నిబంధనలు కూడా ఆరు గంటల్లో కేంద్రానికి కబురు, 24 గంటల్లో మరిన్ని వివరాలు ఇవ్వాలంటాయి. ఇవన్నీ ప్రభుత్వానికి చెప్పుకునే మాటలు. మనకు, అంటే నంబరు గలవాళ్లకు, చెప్పి తీరాలన్నది 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. చెప్పకపోతే 200 కోట్ల దాకా జరిమానా. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కానీ ఈ భాగం అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. కొంప అంటుకుంటే ఫైరింజన్‌కు ఫోన్ చేయడం ఇప్పటికే తప్పనిసరి, లోపల పడుకున్నవాళ్లను లేపడానికి మాత్రం వాయిదా ఉందన్నమాట.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ కస్టమర్లలో దాదాపు అందరి కాల్ రికార్డులు 2024 ఏప్రిల్‌లో పోతే, జనానికి చెప్పింది జూలై 12న. అక్కడ దర్యాప్తు కోసమని న్యాయశాఖ రెండుసార్లు వాయిదాకు ఒప్పుకుంది. కొరియాలో ఎస్‌కే టెలికం 2025 ఏప్రిల్‌లో 24 గంటల్లో చెప్పాల్సింది ఆలస్యం చేసి తిట్లు తిన్నది, సిమ్‌లన్నీ ఉచితంగా మార్చిస్తామని ఒప్పుకుంది, ఆనక 13,000 కోట్ల వాన్‌లకు పైగా జరిమానా పడింది. మన బీఎస్‌ఎన్‌ఎల్‌లో చొరబాటు జరిగి ఉండొచ్చని సెర్ట్-ఇన్ 2024 మే 20న చెప్తే, ఒక సర్వర్‌లోని డేటా బయట దొరికిన నమూనాను పోలి ఉందన్న సంగతి జూలైలో లోక్‌సభ ప్రశ్నకు గుంటూరు ఎంపీ, కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ ఇచ్చిన జవాబులో చూశాం.

కాబట్టి ఆలస్యానికి ఒక్కోసారి కారణాలుంటాయి, ఎంత పోయిందో తేలకుండా ప్రకటించలేకపోవచ్చు. అంతవరకు నేను ఒప్పుకుంటాను. మీ గ్రూపులో వచ్చింది మాత్రం ‘ఇప్పుడే మాట్లాడొద్దు’ అన్న మాట కాదు. ‘పుకారని చెప్పండి’ అన్నారు. నోరు మూసుకోమనడం వేరు, అబద్ధమాడమనడం వేరు. ఆ పని వాళ్లు చేయకుండా, వీధి చివర షాపువాడి చేత, అదీ కోడ్ ఆపేస్తామని బెదిరించి చేయించారు. ఆ మెసేజ్ రాసింది కంపెనీయో, డిస్ట్రిబ్యూటర్ సొంత తెలివో మీ ఉత్తరాన్ని బట్టి తేల్చలేం. స్క్రీన్‌షాట్‌లో ఎవరి పేరుతో, ఏ నంబరు నుంచి వచ్చిందో చూడండి, అది ముఖ్యం.

ఇప్పుడు మీరు అన్న మాట.

నేను ముప్పయ్యేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని, అందులో నాలుగేళ్లు మీ ఊళ్లోనే, గడియార స్తంభానికి కూతవేటు దూరంలో. ‘సర్వర్ డౌన్’ అన్న మాట ఎన్నిసార్లు వాడుకున్నామో లెక్కలేదు. నిజంగా డౌన్ అయినప్పుడూ అదే, క్యాష్ తక్కువైనప్పుడూ అదే, పొద్దున్నుంచి టీ తాగకపోతే కూడా అదే. ఒకసారి ఒక పెద్దామె పెన్షన్ మా పొరపాటుతో వేరే ఖాతాకు పోతే, సర్వర్ పనిచేయడం లేదమ్మా, సోమవారం రా అన్నాను. ఆమె శింగనమల దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చేది. సోమవారమూ వచ్చింది. మంగళవారమూ వచ్చింది. కౌంటరు వెనక ఉన్నవాడి నోటికి అలాంటి జవాబు ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు కాబట్టి, మిమ్మల్ని రాక్షసుణ్ని చేయను.

అలాగని ‘మీ తప్పేం లేదు, నిద్రపోండి’ అని కూడా రాయలేను. ఆయన అడిగారు, మీకు తెలుసు, లేదన్నారు. అవునని ఉంటే ఏమయ్యేది? ‘ఆఁ, అందుకే వాళ్లు మధ్యాహ్నం ఫోన్ చేసి యాప్ వేయించినారు’ అని ఆయన తప్పకుండా అనేవారు. మీరు వెంటనే ఫోన్ లాక్కుని నెట్ ఆపేసేవారు. అక్కడే నిలబడి 1930కి కొట్టేవారు.

అయితే దీనివల్ల ఎంత నష్టం జరిగిందన్నది కొలవొచ్చు, ఊహించుకుని కుమిలిపోనక్కర్లేదు. ఐదు దఫాలుగా పోయిందన్నారు, ఏ టైముకు ఏది పోయిందో రాయలేదు. అయ్యవారి స్టేట్‌మెంట్‌లోనో మెసేజ్‌లలోనో అది ఉంటుంది. ఐదూ సాయంత్రం ఆరున్నరకు ముందే అయిపోయి ఉంటే, మీరు ఏం చెప్పినా ఆ డబ్బు అప్పటికే గడప దాటింది. అలాంటప్పుడు పోయింది పట్టుకునే సమయం. దొంగలు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తోలుకుంటూ పోతారు, సాయంత్రమే ఫోన్ చేసి ఉంటే 42,000 కంటే ఎక్కువ ఆగేదేమో. ఐదింటిలో రెండో మూడో రాత్రి పోయి ఉంటే మాత్రం మీ మాటకూ ఆ డబ్బుకూ దూరం తగ్గుతుంది. తగ్గదని నేను అనను. ముందు ఆ ఐదు టైములు తెలుసుకోండి.

చెప్పాలా వద్దా అన్నదానికి వస్తాను.

చెప్పకుండా ఉండిపోవచ్చు. అలా చేసినంత మాత్రాన చట్టం మిమ్మల్ని పట్టుకోదు, కస్టమర్లకు చెప్పాల్సిన బాధ్యత షాపువాడి మీద లేదు. కోడ్ ఉంటుంది, ఫీజులు కడతారు. కానీ ఆ గ్రూపులో మీరొక్కరే లేరు. అరగంట పాటు ఆ మెసేజ్ చూసినవాళ్లు ఎంతమందో. రేపు ఇంకో షాపువాడు డిస్ట్రిబ్యూటర్‌తో గొడవపడి బయటపెడితే, ‘అయితే వీడికి ముందే తెలుసన్నమాట’ అని అయ్యవారు ఎవరి నోటి ద్వారానో వింటారు. ఈలోపు ఊళ్లో తిరిగేది కొడుకు చెప్పిన కథ ఒక్కటే.

ఆయన ఒక్కడికే, నోటిమాటగా చెప్పి రావచ్చు. చాలామంది ఇదే చేస్తారు. మీ గుండె తేలికవుతుంది, నిజమే. కానీ ఆయన చేతికి ఏమొచ్చింది? పైగా ‘ఎవరికీ చెప్పొద్దు సార్’ అని కాళ్లు పట్టుకుంటే, 71 ఏళ్ల వయసులో కొడుకు దగ్గర దాచాల్సిన రహస్యం ఒకటి ఆయన నెత్తిన పెట్టినట్టు. ఈ దారి నాకు నచ్చదు.

మీ క్షమాపణ కంటే మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్ ఆయనకు ఎక్కువ పనికొస్తుంది. ఎలాగో చెప్తాను, ఇది నా కొలువుకు సంబంధించిన సంగతి. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగినప్పుడు మూడు పనిదినాల్లోపు చెప్తే ఖాతాదారు భారం సున్నా. అయ్యవారు మర్నాడే చెప్పారు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిందని బ్యాంకు అంటే, దాన్ని నిరూపించాల్సిన భారం కూడా బ్యాంకుదే. ఇప్పుడు బ్యాంకు పట్టుకున్నది ‘యాప్ మీరే వేసుకున్నారు’ అన్న మాట. అది గట్టి మాటే, గెలుపు ఖాయమని నేను చెప్పను. కానీ ‘ఎవడో అనామకుడి మాట నమ్మి యాప్ వేసుకున్న ముసలాయన’కూ, ‘కంపెనీ నుంచి పోయిన అసలు వివరాలు చదివి వినిపిస్తే నమ్మిన ఖాతాదారు’కూ చాలా తేడా ఉంది. ఆ తేడాకు సాక్ష్యం మీ ఫోన్‌లో ఉంది. దొంగ ఫోన్ చేయడానికి పదహారు రోజుల ముందే లీకు సంగతి కంపెనీ మనుషులకు తెలుసని అది చెప్తుంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు బాగాలేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేస్తే పద్ధతి చెప్తారు. టెలికం కంపెనీ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. టెలికం గొడవలు మా పరిధిలోకి రావన్న పాత వాదన ఇప్పుడు చెల్లదు, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకు రెండేళ్ల వ్యవధి ఉంది, తొందరపడి చెత్త దరఖాస్తు వేయక్కర్లేదు. పోలీసులు ఆపిన 42,000 వెనక్కి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాలో వద్దో స్టేషన్‌లో కనుక్కోమనండి, కావాలంటే కోర్టులో దరఖాస్తు పెట్టుకోమనండి.

స్క్రీన్‌షాట్ ఇస్తే మీకేమవుతుంది? కోడ్ పోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ అది నకిలీదని అనొచ్చు. మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో రహస్యం పాటించాలన్న షరతు ఉండొచ్చు, ఆ కాగితం బయటికి తీసి చదవండి. ఈ నష్టాన్ని తగ్గించే దారి ఒకటుంది. స్క్రీన్‌షాట్‌ను కొడుకు చేతిలో పెట్టకండి, ఆ రాత్రికే అది వెయ్యి ఫోన్లకు పోతుంది. మీ దగ్గర ఫలానా మెసేజ్ ఉందని అయ్యవారి ద్వారా దర్యాప్తు అధికారికి తెలియనివ్వండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద వాళ్లు మీకు నోటీసు ఇచ్చి ఇమ్మని అడగొచ్చు. అప్పుడు మీరు కంపెనీ గుట్టు రట్టు చేసినవాడు కాదు, పోలీసులు అడిగితే ఇచ్చినవాడు. డిస్ట్రిబ్యూటర్‌కు కోపం రాకుండా ఇది ఆపదు, కానీ ఆ కోపంతో ఆయన చేయగలిగేది తగ్గుతుంది. వాంగ్మూలం ఇచ్చే ముందు ఒక వకీలుతో అరగంట మాట్లాడండి.

ఈలోపు ఆ ఫోన్ మార్చకండి, ఎక్స్ఛేంజ్‌లో వేయకండి. గ్రూపులోంచి బయటికి రాకండి. అసలు ఫైలు గ్యాలరీలో ఎలా ఉందో అలాగే ఉండాలి. వాట్సాప్‌లో ఎవరికైనా ఫొటోగా పంపితే వెళ్లేది బరువు తగ్గించిన నకలు, దాని తారీకు వివరాలు నిలవవు. కోర్టుకు పోతే ఫోన్‌తోపాటు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ రికార్డు అసలుదేనని రాసిచ్చేది) కూడా అడుగుతారు.

50,000 సంగతి. మంచి మనసుతో అనుకున్నారు, కానీ గుట్టుగా వేద్దామన్న దగ్గరే తేడా కొట్టింది. ఫోన్‌పేలో వేస్తే మీ పేరు పడుతుంది. బ్యాంకులో నగదు కడితే చీటీ ఉంటుంది, కెమెరా ఉంటుంది. మోసం కేసు నడుస్తున్న ఖాతాలో ఎక్కడిదో తెలియని సొమ్ము పడితే ముందుగా ఇబ్బంది పడేది అయ్యవారే. మీరు వేశారని తెలిసిన రోజు కొడుకు అనేది ఒకటే మాట: ‘తినకపోతే ఎందుకు కక్కినాడు?’ నిజం చెప్పాక, ఆయన ఎదుట, మీకు చేతనైనంత సాయం చేస్తానంటే అది వేరు. అది కూడా ఆయన వద్దంటే బలవంతం చేయకండి.

మీ భార్య మాట తేలిగ్గా తీసేయకండి. సగం రాబడి ఒకే కోడ్ మీద ఉన్నప్పుడు ఆమె భయపడటమే న్యాయం. అవతలి కంపెనీల కోడ్‌లు కూడా ముందే తెచ్చుకోగలరేమో చూడండి, మూడు నెలల ఇంటి ఖర్చు లెక్క వేసుకోండి, ఆ తర్వాతే స్టేషన్ మెట్లెక్కండి. ఇంకో మాట. ఎనిమిది పేజీల్లో ఆమె అన్నవన్నీ రాశారు గానీ, స్క్రీన్‌షాట్ సంగతీ, మెట్టు మీద అయ్యవారు అడిగిన సంగతీ ఆమెకు చెప్పినట్టు ఎక్కడా లేదు. ‘మనమేం తప్పు చేయలేదు’ అని ఆమె అంటున్నది అవి తెలియక అంటోందని నాకు అనుమానం. అదే అయితే మొదట చెప్పాల్సింది అయ్యవారికి కాదు, ఇంట్లో. సగం కథ విని ఆమె ఇచ్చిన సలహాను మీరు అడ్డం పెట్టుకుంటున్నారేమో చూసుకోండి.

బావమరిది మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇప్పుడు షాపు ఎత్తేస్తే లీక్ చేసి పారిపోయాడంటారు.

లీకు సంగతి పేపర్లో వచ్చేసింది కాబట్టి, షాపులో ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి తగిలించడానికి మీకెవరి అనుమతీ అక్కర్లేదు. కంపెనీ పేరుతో ఎవరు ఫోన్ చేసి మీ వివరాలు చదివినా యాప్ వేసుకోవద్దు, ముందు ఇక్కడికి రండి, డబ్బు పోతే ఆ క్షణమే 1930. వచ్చినవాళ్లకు కేంద్ర టెలికం శాఖ సైటు సంచార్ సాథీలో వాళ్ల పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసిపెట్టండి. ఒక మనిషి పేరు మీద తొమ్మిది దాకా ఉండొచ్చు, తనవి కానివి ఉంటే అక్కడే చెప్పేయొచ్చు. శెనక్కాయలు అమ్ముకుని డబ్బు ఖాతాలో పడే పల్లెవాళ్లకు ఈ పని ముందు చేయండి.

అయ్యవారి దగ్గరికి పోవాలని నిర్ణయించుకుంటే కొడుకు ఊళ్లో ఉన్నప్పుడే పోండి. అతను లేనప్పుడు పోతే, ముసలాయన్ను ఒంటరిగా చూసి మాయమాటలు చెప్పాడంటాడు. పొద్దున్నే, షాపు తెరవకముందు. కంపెనీ గురించి, కోడ్ గురించి, మీ కష్టాల గురించి ముందు ఎత్తకండి. ‘ఆరోజు మీరు అడిగినప్పుడు నాకు తెలుసు సార్, లేదన్నాను’ అనండి చాలు. తర్వాత కదిరి అడ్రసు సంగతి, ఫిర్యాదులో దాన్ని చేర్చాల్సిన సంగతి, మీ ఫోన్‌లో ఉన్నది. ఆయన కోప్పడొచ్చు. ‘సరేలేప్పా’ అని లోపలికి పోవచ్చు, అది కోపం కంటే కష్టంగా ఉంటుంది. కొడుకు మళ్లీ అరవొచ్చు. మీరు బదులు అరవకుండా ఉండగలిగితేనే పోండి, లేదనుకుంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి, ఫిర్యాదు పని మాత్రం ఆపకండి.

స్టేట్‌మెంట్ చూశాక ఆ ఐదు టైములు నాకు రాయండి. రెండో మూడో రాత్రివైతే ఆ 50,000 సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.